ఓలాపరిబ్‌తో ప్రయోగాలు – 3వ పాఠం: స్టాక్ కలపడం, పలచన చేయడం

డీఎన్ఏలో తెగిన చోట్లను సరిచేసే పార్ప్ ఎంజైమును ఓలాపరిబ్ అడ్డుకుంటే, డీఎన్ఏ మరమ్మతుకే తోడ్పడే బీఆర్‌సీఏ జన్యువు పనిచేయని కణాలు తట్టుకోలేక చనిపోతాయని కిందటి పాఠంలో చూశాం. ఈసారి ఆ మందును కణాలకు సరైన మోతాదులో అందించడం నేర్చుకుందాం.

ఓలాపరిబ్ నీటిలో సరిగా కరగదు, డీఎంఎస్‌ఓ అనే ద్రావణిలో బాగా కరుగుతుంది. దాని అణుభారం 434.46. మీ దగ్గర 5 మిల్లీగ్రాముల వైల్ ఉందనుకోండి. 5ని 434.46తో భాగిస్తే 0.0115 మిల్లీమోల్. 10 మిల్లీమోలార్ స్టాక్ (నిల్వ ఉంచే గాఢ ద్రావణం) అంటే మిల్లీలీటరుకు 0.01 మిల్లీమోల్. అంటే 1.15 మిల్లీలీటర్ల డీఎంఎస్‌ఓ పోయాలి. చేతికి గ్లౌజులు తప్పనిసరి. డీఎంఎస్‌ఓ చర్మంలోంచి లోపలికి పోతూ తనలో కరిగినవాటినీ వెంట తీసుకెళ్తుంది. స్టాక్‌ను చిన్న చిన్న ట్యూబుల్లోకి పంచి, తేదీ రాసి, మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టండి. ఒకే ట్యూబును పదేపదే కరిగించి గడ్డకట్టించొద్దు.

ఇక అసలు విషయం. కణాలకు 10, 1, 0.1 మైక్రోమోలార్ మోతాదులు కావాలి. చాలామంది ఒకే స్టాక్ నుంచి ఎక్కువ, తక్కువ పరిమాణాలు తీసి మీడియంలో (కణాలు పెరిగే పోషక ద్రవంలో) వేసేస్తారు. అప్పుడు మందుతోపాటు డీఎంఎస్‌ఓ కూడా ప్లేటులోని ఒక్కో గుంటలో ఒక్కోలా పడుతుంది. కణాలు చస్తే మందు వల్లా, ద్రావణి వల్లా? చెప్పలేం. వారాల శ్రమ ఇలా వృథా కావడం నిజంగా బాధ కలిగిస్తుంది.

అందుకే ముందు డీఎంఎస్‌ఓలోనే పలచన చేయండి. 10 మిల్లీమోలార్ స్టాక్ ఒక వంతుకు తొమ్మిది వంతుల డీఎంఎస్‌ఓ కలిపితే 1 మిల్లీమోలార్, దాన్ని మళ్లీ అలాగే చేస్తే 0.1 మిల్లీమోలార్. ఈ మూడింటిలో దేన్నయినా మిల్లీలీటరు మీడియానికి 1 మైక్రోలీటరే వేస్తాం. డీఎంఎస్‌ఓ అన్నిచోట్లా 0.1 శాతమే. మందు వేయని కంట్రోల్ గుంటలోనూ ఉత్త డీఎంఎస్‌ఓ అంతే వేయాలి. దీన్ని మాత్రం ఎప్పుడూ వదలొద్దు. వేసిన వెంటనే బాగా కలపండి. మీడియం మబ్బుగా కనిపిస్తే మందు విడిపోయినట్టే, పారబోసి మళ్లీ చేయండి.

10 మైక్రోమోలార్ ఒక్కదానితోనే ఫలితం చూపిస్తే నేను నమ్మను. ఎంజైము పరీక్షలో పార్ప్-1 చురుకుదనాన్ని సగానికి తగ్గించడానికి 5 నానోమోలార్ల దరిదాపు చాలు. మోతాదు మరీ పెంచితే బీఆర్‌సీఏ బాగున్న కణాలూ దెబ్బతినొచ్చు. ఆ రెండు రకాల కణాల మధ్య తేడా తక్కువ మోతాదుల్లోనే స్పష్టంగా కనిపించాలి.

అభ్యాసం: గుంటకు 2 మిల్లీలీటర్ల మీడియం ఉంది. 0.5 మైక్రోమోలార్ కావాలి, డీఎంఎస్‌ఓ 0.1 శాతమే ఉండాలి. ఎంత గాఢత ఉన్న ద్రావణం, ఎన్ని మైక్రోలీటర్లు వేస్తారు? లెక్క కాగితం మీద వేసి దగ్గర పెట్టుకోండి; 4వ పాఠంలో ఇదే ద్రావణంతో కాలనీలు పెంచి లెక్కపెడతాం.