ఆర్‌వీలో బయలుదేరే ముందు మొబైల్ డేటా ప్లాన్ విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు

అమెరికాలో మే నెల చివరి సోమవారం మెమోరియల్ డే మొదలుకొని సెప్టెంబరు మొదటి సోమవారం లేబర్ డే దాకా ఆర్‌వీ (ఇంటి వసతులున్న బండి) ప్రయాణాల కాలం. పిల్లలకు బడి సెలవులు, ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉండే నెలలు కూడా అవే కావడంతో, ఇక్కడి తెలుగు కుటుంబాలు చాలానే ఈ మధ్య ఆర్‌వీ అద్దెకు తీసుకొని ఎల్లోస్టోన్‌కో గ్రాండ్ కాన్యన్‌కో బయలుదేరుతున్నాయి. వంటిల్లు, పడక, బాత్రూమ్ బండిలోనే ఉంటాయి కాబట్టి పెద్దవాళ్లకు ఇబ్బంది ఉండదు. రెండు వారాలు సెలవు దొరకనివారు మధ్యలో కొన్ని రోజులు బండిలో కూర్చునే ఆఫీసు పని చేసుకోవచ్చునని కూడా లెక్క వేసుకుంటారు. ఆ లెక్కంతా ఇంటర్నెట్ మీద నిలబడి ఉంటుంది. అయినా బండిని, క్యాంప్‌గ్రౌండ్‌ను నెలల ముందే బుక్ చేసుకునేవాళ్లు డేటా ప్లాన్ సంగతిని బయలుదేరే ముందు రాత్రికి వదిలేయడం నేను చూస్తూనే ఉన్నాను.

నేనూ మొదటిసారి అలాగే వదిలేశాను. మా ప్లాన్ పేరులోనే అన్‌లిమిటెడ్ అని ఉంది కదా అన్న ధైర్యంతో ఫోన్ హాట్‌స్పాట్‌కు నా ల్యాప్‌టాప్‌ను, పిల్లల టాబ్లెట్‌ను కలిపి బయలుదేరాను. మూడో రోజు ఉదయం ముఖ్యమైన మీటింగులో ఉండగా నా మాట ముక్కలు ముక్కలుగా వెళ్లడం మొదలై, కాసేపటికి పూర్తిగా ఆగిపోయింది. ఫోనులో సిగ్నల్ గీతలు మాత్రం నిండుగానే ఉన్నాయి. ఆ సాయంత్రం కూర్చొని ప్లాన్ షరతులు చదివితే సంగతి అర్థమైంది: అన్‌లిమిటెడ్ అన్నది ఫోనులో వాడుకునే డేటాకు మాత్రమేనట, హాట్‌స్పాట్ ద్వారా ఇతర పరికరాలకు ఇచ్చే డేటా 15 జీబీలేనట, అది అయిపోయాక వేగాన్ని 600 కేబీపీఎస్‌కు దించుతారట. పిల్లలు రెండు రోజులు కార్టూన్లు చూసేసరికి ఆ 15 జీబీ కరిగిపోయింది. ఆ వేగంతో ఈమెయిల్ వస్తుంది కానీ వీడియో మీటింగ్ నడవదు.

అందువల్ల ప్లాన్ పేరును, నెల అద్దెను చూసే ముందు హాట్‌స్పాట్ కోటా ఎంత, అది దాటాక వేగం ఎంతకు పడిపోతుంది అన్న రెండు అంకెలను వెతకాలి. ఇవి ప్రకటనలో పెద్ద అక్షరాలతో కనిపించవు. అడుగున ఉండే చిన్న అక్షరాల్లోనో, ప్లాన్ వివరాల పట్టికలోనో ఉంటాయి. మనకు ఎంత కావాలో ముందుగా కాగితం మీద వేసుకోవడం కష్టమేమీ కాదు. సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున గంటసేపు ఆగకుండా వాడితే 450 ఎంబీ అవుతుంది. వీడియో మీటింగుకు గంటకు సుమారు 1 జీబీ అనుకుంటే, రోజుకు మూడు గంటల మీటింగులున్నవారికి ఐదు పనిదినాలకు 15 జీబీ అక్కడే ఖర్చవుతుంది. హెచ్‌డీ నాణ్యతలో సినిమా గంటకు 3 జీబీ దాకా తీసుకుంటుంది, 4కే అయితే 7 జీబీ దాకా పోతుంది. అదే సినిమాను 480పీకి తగ్గించి చూస్తే గంటకు 1 జీబీలోపే సరిపోతుంది. చిన్న తెర మీద పిల్లలకు ఆ తేడా పెద్దగా తెలియదు కూడా. మనకు తెలియకుండా పోయే డేటా వీటన్నిటికన్నా ప్రమాదకరమైనది. ల్యాప్‌టాప్ అప్‌డేట్లు, రోజంతా తీసిన ఫోటోలు, వీడియోలు క్లౌడ్‌లోకి ఎక్కడం, పిల్లల ఆటల అప్‌డేట్లు ఒక్క రాత్రిలో కోటాను మింగేయగలవు.

కోటా మిగిలి ఉండగానే వేగం పడిపోయే సందర్భం మరొకటి ఉంది. తిరుమలలో ప్రత్యేక ప్రవేశ దర్శనం క్యూ, సర్వదర్శనం క్యూ వేర్వేరుగా ఉన్నట్టే, టవర్ దగ్గర కూడా ఖాతాదారులకు వరుసలుంటాయి. రద్దీ లేనప్పుడు అందరికీ ఒకే వేగం అందుతుంది. రద్దీ పెరిగితే ఖరీదైన ప్లాన్లవారిని ముందు పంపి, చవక ప్లాన్లవారిని ఆపుతారు. చాలా ప్లాన్లలో నెలకు ఇంత డేటా దాకా ముందు వరుస, ఆ తర్వాత వెనుక వరుస అన్న నియమం కూడా ఉంటుంది. ఇంటి దగ్గర టవర్లు దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి ఈ తేడా మనకు తెలియదు. జూలైలో ఒకే టవర్ కింద వేలమంది యాత్రికులు చేరే నేషనల్ పార్కులో మాత్రం సాయంత్రం ఆరు దాటాక వెనుక వరుసలోని ఫోనులో గీతలు నిండుగా ఉండి కూడా పేజీ తెరుచుకోదు. ప్రయాణం జరిగే ఆ ఒక్క నెలకైనా ప్రాధాన్యత డేటా ఉన్న ప్లాన్‌కు మారడం మంచిదని నా అభిప్రాయం. నెలవారీ ప్రీపెయిడ్ ప్లాన్లలో తిరిగి వచ్చాక మళ్లీ పాతదానికి దిగిపోవచ్చు.

దేశమంతటా సొంత టవర్ల వ్యవస్థ నడిపే సంస్థలు ప్రధానంగా మూడు: వెరైజన్, ఏటీ అండ్ టీ, టీ-మొబైల్. 2020 ఏప్రిల్‌లో స్ప్రింట్ టీ-మొబైల్‌లో కలిసిపోయాక జాతీయ స్థాయిలో నాలుగోది పెద్దగా మిగల్లేదు. దుకాణంలో కనిపించే మిగతా పేర్లలో ఎక్కువ భాగం ఈ మూడింటి టవర్ల మీదే నడుస్తాయి. విజిబుల్ వెరైజన్ టవర్లను, క్రికెట్ ఏటీ అండ్ టీ టవర్లను, మింట్, మెట్రో టీ-మొబైల్ టవర్లను వాడుకుంటాయి. ఈ సంబంధం తెలియక పొరపాటు చేసేవారు చాలామంది. భర్త దగ్గర వెరైజన్, భార్య దగ్గర విజిబుల్ ఉంటే రెండు కంపెనీలున్నాయి కాబట్టి ఒకటి పోయినా రెండోది ఆదుకుంటుందని అనుకుంటారు. టవర్ ఒకటే కాబట్టి సిగ్నల్ పోతే రెండు ఫోన్లూ ఒకేసారి మూగబోతాయి. బండిలో రెండు ప్లాన్లు ఉండాలి, ఆ రెండూ వేర్వేరు టవర్లవై ఉండాలి. ఈ వ్యాసంలో మరేదీ గుర్తుండకపోయినా ఇది గుర్తుంటే చాలు.

ఏ రెండు అన్నది మీరు వెళ్లే దారి తేల్చాలి, పక్కింటివారి అనుభవం కాదు. టీ-మొబైల్ 600 మెగాహెర్ట్జ్ తరంగాల మీద పల్లెల్లోకి విస్తరించింది. ఏటీ అండ్ టీ అత్యవసర సేవల సిబ్బంది కోసం ఏర్పడిన ఫస్ట్‌నెట్ వ్యవస్థను నిర్మిస్తూ మారుమూల ప్రాంతాల్లో టవర్లు పెంచింది. తక్కువ పౌనఃపున్యం గల ఇలాంటి తరంగాలు దూరం వెళతాయి కానీ వేగం తక్కువగా ఉంటుంది. నగరాల్లో మనం చూసే మెరుపు వేగపు 5జీ ఎక్కువ పౌనఃపున్యం మీద నడుస్తుంది, అది దూరం పోదు, కొండను దాటదు. కాబట్టి ఫోను మీద 5జీ అన్న అక్షరాలు కనిపించినంత మాత్రాన మీటింగుకు కూర్చోవద్దు. ముందు వేగాన్ని పరీక్షించి, డౌన్‌లోడ్‌తో పాటు అప్‌లోడ్ వేగం ఎంత ఉందో చూడండి. మన ముఖం, మన మాట అవతలివారికి చేరేది అప్‌లోడ్ ద్వారానే.

కంపెనీల మ్యాపులో రంగు నిండి ఉండడాన్ని పూర్తిగా నమ్మకూడదు. అది చాలావరకు కంప్యూటర్ లెక్క, అదీ ఆరుబయట నిలబడ్డ మనిషి చేతిలోని ఫోనుకు వేసిన లెక్క. అమెరికా కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ వారి నేషనల్ బ్రాడ్‌బ్యాండ్ మ్యాపులో మూడు సంస్థల కవరేజీని ఒకేచోట పోల్చుకోవచ్చు. అందులో ఆరుబయట, కదిలే వాహనంలో అని రెండు విభాగాలుంటాయి, వాహనం విభాగాన్నే చూడండి. అల్యూమినియం రేకుతో కప్పిన ఆర్‌వీ లోపల సిగ్నల్ మరింత తగ్గుతుందని కూడా మనసులో పెట్టుకోండి. రాత్రి ఆగే ప్రతి క్యాంప్‌గ్రౌండ్‌నూ విడివిడిగా మ్యాపులో వెతికి, అక్కడ అంతకుముందు బస చేసినవారు రాసిన సమీక్షల్లో ఏ సంస్థ పేరు వినిపిస్తోందో చదివితే మ్యాపు చెప్పని సంగతులు తెలుస్తాయి.

ఎల్లోస్టోన్‌నే తీసుకుంటే, సుమారు 9,000 చదరపు కిలోమీటర్ల ఆ అడవిలో ఓల్డ్ ఫెయిత్‌ఫుల్, మామత్, కాన్యన్ వంటి కొన్ని ఊళ్లలాంటి చోట్ల మాత్రమే సిగ్నల్ ఉంటుంది, అదీ వేసవి రద్దీకి చాలదు. నీరు, కరెంటు, మురుగు కనెక్షన్లు మూడూ ఉన్నాయని మనవాళ్లు ఇష్టపడే ఫిషింగ్ బ్రిడ్జ్‌లో దిగినా, ఆఫీసు పని ఉన్న రోజులను మాత్రం పార్కు బయట వెస్ట్ ఎల్లోస్టోన్‌లోనో గార్డినర్‌లోనో బస ఉండేలా సర్దుకోవడం క్షేమం. యూటాలోని జయాన్ పార్కులో లోయ గోడలు సిగ్నల్‌ను అడ్డుకుంటాయి, గేటు బయటి స్ప్రింగ్‌డేల్‌లో మళ్లీ దొరుకుతుంది. నెవాడాలో యూఎస్-50 రహదారి మీద చాలా దూరం ఏ సంస్థ సిగ్నలూ లేని భాగాలున్నాయి. వెస్ట్ వర్జీనియాలో గ్రీన్ బ్యాంక్ రేడియో టెలిస్కోప్ కోసం 1958లో ఏర్పాటు చేసిన నిశ్శబ్ద మండలంలోనైతే టవర్లనే పరిమితం చేశారు. టెలిస్కోప్ దగ్గరలో ఎంత ఖరీదైన ప్లాన్ ఉన్నా ఉపయోగం ఉండకపోవచ్చు.

రెండో ప్లాన్ కొనే ముందు పరీక్షించే వీలుంది. పెద్ద సంస్థలు ఈసిమ్ (కార్డు లేకుండా ఫోనులోనే పనిచేసే సిమ్) ద్వారా కొన్ని రోజుల ఉచిత ట్రయల్ ఇస్తుంటాయి. బయలుదేరే ముందు వారాంతంలో దగ్గరలోని క్యాంప్‌గ్రౌండ్‌కు వెళ్లి రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడండి, హాట్‌స్పాట్‌కు ల్యాప్‌టాప్‌ను కలిపి ఆఫీసు వీపీఎన్ తెరుచుకుంటుందో లేదో కూడా చూడండి. అమెరికాలో అమ్మే ఐఫోన్లలో 14వ తరం నుంచి సిమ్ పెట్టే గూడే లేదు. ఫోను నీళ్లలో పడితే ఆ నంబరును మరో ఫోనులోకి మార్చడానికి ఇంటర్నెట్ కావాలి కాబట్టి, రెండు ప్లాన్లనూ ఒకే ఫోనులో పెట్టకుండా ఇద్దరి ఫోన్లలో పంచి పెట్టుకోవాలి.

ఇంట్లో వాడే 5జీ హోమ్ ఇంటర్నెట్ డబ్బాను బండిలో వేసుకొని పోదామని కొందరు సలహా ఇస్తారు. అది ఇంటి చిరునామాకు కట్టిన ప్లాన్. వేరే చోట వాడితే ఆపేసే హక్కు సంస్థకు ఉంటుంది. ప్రయాణాల కోసమే అమ్మే ప్లాన్ వేరుగా ఉంటే దాన్నే తీసుకోండి. ఫోను సిమ్‌ను తీసి రౌటర్‌లో పెట్టడం కూడా అంతే, చాలా ప్లాన్ల షరతులకు విరుద్ధం. సిగ్నల్ బూస్టర్ అన్నది అప్పటికే అందుతున్న బలహీనమైన సిగ్నల్‌ను పెంచుతుందే తప్ప లేనిదాన్ని తేలేదు. కొంటే ఎఫ్‌సీసీ ఆమోదం ఉన్నదే కొని, మీ సంస్థ దగ్గర నమోదు చేయించాలి. టవరే లేని చోట స్టార్‌లింక్ వంటి ఉపగ్రహ సేవ పనికొస్తుంది కానీ దానికి ఆకాశం అడ్డు లేకుండా కనిపించాలి. పైన్ చెట్ల నీడలో బండి నిలిపితే అది తడబడుతుంది, దానికి కావలసిన కరెంటును బ్యాటరీ లెక్కలో కలుపుకోవాలి.

సరిహద్దు దగ్గర మరో జాగ్రత్త అవసరం. నయాగరా దగ్గర, మోంటానాలోని గ్లేసియర్ పార్కు ఉత్తరాన, మీరు అమెరికా నేల మీద ఉండగానే ఫోను కెనడా టవర్‌ను పట్టుకోవచ్చు. మీ ప్లాన్‌లో కెనడా కలిసి లేకపోతే రోజువారీ ఛార్జీ పడుతుంది, ఆఫీసు నెట్‌వర్క్ విదేశీ కనెక్షన్‌గా చూసి అడ్డుకోవచ్చు కూడా. అక్కడున్నంతసేపు డేటా రోమింగ్‌ను ఆపి ఉంచండి. దేశం లోపల కూడా పరాయి టవర్ మీద రోమింగులో ఉన్నప్పుడు చాలా ప్లాన్లు నెలకు చాలా తక్కువ డేటానే ఇస్తాయి.

అమ్మానాన్నల ఫోన్ల సంగతి నేను ప్రత్యేకంగా చెప్పదలచుకున్నాను. ఇండియాలో కొన్న ఫోన్లలో ఇక్కడి పల్లెల్లో వాడే తరంగాలు కొన్ని ఉండకపోవచ్చు. 2022లో 3జీ మూతపడ్డాక ఏటీ అండ్ టీ తాను ఆమోదించిన మోడళ్లను మాత్రమే అనుమతిస్తోంది, కాబట్టి సిమ్ కొనే ముందు ఫోను గుర్తింపు సంఖ్య అయిన ఐఎంఈఐ నంబరును ఆ సంస్థ వెబ్‌సైటులో సరిచూడాలి. బ్యాంకు ఓటీపీల కోసం ఇండియా సిమ్‌ను కూడా తెరిచే ఉంచుతారు. దానిలో డేటా రోమింగ్ ఆగి ఉందో లేదో మీరే స్వయంగా చూడండి. మధ్యాహ్నం వేళ ఏదో దారిలో అమ్మ వాట్సాప్‌లో చెల్లెలితో మాట్లాడిన పది నిమిషాలకు పెద్ద బిల్లు రావడం ఆవిడ తప్పు కాదు.

అన్నిటికన్నా ప్రాణానికి సంబంధించినది వైఫై కాలింగ్, అంటే టవర్ బదులు వైఫై మీద ఫోన్ మాట్లాడడం. ఉపగ్రహ ఇంటర్నెట్ మీదో క్యాంప్‌గ్రౌండ్ వైఫై మీదో అత్యవసర నంబరు 911కు ఫోన్ వెళ్లినప్పుడు, మీరు సెట్టింగుల్లో ఎప్పుడో నమోదు చేసిన ఇంటి చిరునామాయే అవతలివారికి కనిపించవచ్చు. దిగిన ప్రతిచోటా ఆ చిరునామాను మార్చుకోండి. కుదరకపోతే క్యాంప్‌గ్రౌండ్ పేరు, సైటు నంబరు ఒక కాగితం మీద రాసి తలుపు పక్కన అతికించి, అది చదివి చెప్పాలని పెద్దవాళ్లకు, పిల్లలకు నేర్పండి. మన సంస్థ సిగ్నల్ లేకపోయినా వేరే సంస్థ టవర్ అందితే 911 కాల్ దాని ద్వారా వెళుతుంది కాబట్టి గీతలు లేవని ప్రయత్నం మానవద్దు. పశ్చిమ రాష్ట్రాల్లో జూలై, ఆగస్టు కార్చిచ్చుల కాలం. మంటలకు టవర్లకు కరెంటు పోవచ్చు, ఉన్న టవర్లలో అత్యవసర సిబ్బందికే మొదటి వరుస. అందువల్ల దారి పొడవునా గూగుల్ మ్యాప్స్‌ను ఆఫ్‌లైన్‌లో దించుకోండి, నేషనల్ పార్క్ సర్వీస్ యాప్‌లో మీరు వెళ్లే పార్కును సేవ్ చేసుకోండి, ఉపగ్రహం ద్వారా సందేశం పంపే ఏర్పాటు మీ ఫోనులో ఉంటే దాని డెమోను ఇంటి దగ్గరే ఒకసారి నడిపి చూడండి.

బయలుదేరే ముందు రాత్రి ఇంటి వైఫై మీద ల్యాప్‌టాప్ అప్‌డేట్లన్నీ పూర్తి చేసి, ఫోటోల బ్యాకప్‌ను వైఫై ఉన్నప్పుడే జరిగేలా మార్చి, ఆర్‌వీ హాట్‌స్పాట్‌ను ప్రతి పరికరంలోనూ మీటర్డ్ కనెక్షన్‌గా (డేటాను పొదుపుగా వాడాల్సిన కనెక్షన్‌గా) గుర్తించి, పిల్లల సినిమాలను టాబ్లెట్‌లోకి దించి పెట్టండి. ప్రీపెయిడ్ ప్లాన్‌ను మాత్రం ఆ రాత్రే యాక్టివేట్ చేయవద్దు. దాని ముప్పై రోజులు యాక్టివేట్ చేసిన క్షణం నుంచే మొదలవుతాయి. ట్రయల్‌లో పరీక్షించి ఉంచిన ప్లాన్‌ను మొదటి మజిలీకి చేరే రోజు ఉదయం, సిగ్నల్ బాగా ఉన్న ఊళ్లో ఆగి యాక్టివేట్ చేసుకోండి.