ఇసక దిబ్బల ఫోటోలు డల్‌గా వస్తున్నాయా? కారణాలు ఇవే

శ్రీకాకుళం నుంచి రాజస్థాన్ ఎడారిలోని జైసల్మేర్ వెళ్లొచ్చిన మనోళ్లు అక్కడి సామ్ ఇసక దిబ్బల ఫోటోలు చూపించి అడిగేది దాదాపు ఒకటే, అక్కడ అంత మెరిసిన ఇసక ఫోటోలో ఇలా అయిపోయిందేటి అని. చాలావరకు తప్పు కెమెరాది కాదండి, వెలుతురుది.

సమస్య: ఇసక మురికిగా, మసకగా ఉంది.
కారణం ఏటంటే, కెమెరాలో వెలుగు కొలిచే మీటరు ఎదురుగా ఏదున్నా మధ్యరకం బూడిద రంగే అనుకుని లెక్కేస్తాది, ఎండలో ఇసక అంతకంటే బాగా తెల్లగా ఉంటాది కాబట్టి వెలుగు తగ్గించేస్తాది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫోటోలో వెలుగు పెంచే, తగ్గించే సెట్టింగు) ప్లస్ 2/3 నుంచి ప్లస్ 1 దాకా పెంచండి, ఫోన్ అయితే ఇసక మీద నొక్కి బ్రైట్‌నెస్ కొంచెం పైకి జరపండి. సాయంత్రం పసుపు రంగు పోతోందంటే అది రంగుల్ని తనంతట తానే సరిచేసే ఆటో వైట్ బ్యాలెన్స్ పని, దాన్ని డేలైట్‌లో పెట్టేయండి.

సమస్య: ఎత్తైన దిబ్బ కూడా చదునుగా కనిపిస్తోంది.
అసలు విషయం ఇదే. ఇసకంతా ఒకే రంగు, దాని ఆకారం తెలిసేది నీడ వల్లే, మిట్టమధ్యాహ్నం ఆ నీడ ఉండదు, సూర్యుడు మీ వీపు వెనక ఉన్నా నీడ కనబడదు. పొద్దున్న మొదటి గంట, సాయంత్రం చివరి గంట, ఎండ పక్క నుంచి పడేలా నిలబడండి. దీనికి జైసల్మేర్ దాకా ఆగక్కర్లేదు, కళింగపట్నం, బారువ ఒడ్డునే నేర్చుకోవచ్చు, పొద్దున్న సూర్యుడు సముద్రం వైపు నుంచే వస్తాడు కదా, సముద్రం వైపు కాకుండా ఒడ్డు వెంబడి చూస్తూ, కెమెరా నేలకి దించి తీస్తే గాలి గీసిన చిన్న చారలు కూడా పెద్దగా కనిపిస్తాయి. ఫ్రేములోకి బాలబంద తీగ వస్తే మాత్రం దయచేసి పీకొద్దు, మన ఒడ్డు ఇసకని పట్టుకుని ఉంచేది అదే.

సమస్య: ఫోకస్ ముందుకీ వెనక్కీ తిరుగుతోంది.
నున్నటి ఇసకలో పట్టుకోడానికి ఏమీ ఉండదు. దిబ్బ అంచు మీద, వెలుగూ నీడా కలిసే గీత దగ్గర ఫోకస్ పెట్టండి.

సమస్య: ఎక్కడ చూసినా అడుగులే.
సామ్‌లో సాయంత్రం ఒంటె సవారీల రద్దీ ఉంటాది, తెల్లవారుజామునే వెళ్లండి, రాత్రి గాలి వీస్తే చాలా అడుగులు చెరిగిపోతాయి. ముందు దూరం నుంచి తీసుకుని తర్వాతే దిబ్బెక్కండి.

సమస్య: లెన్స్ రింగు కరకరలాడుతోంది.
ఇసక దూరింది. బలవంతంగా తిప్పొద్దు, గుడ్డతో రుద్దితే గీతలు పడతాయి, ముందు బ్లోయర్‌తో ఊదండి, అప్పటికీ తగ్గకపోతే రిపేరుకి ఇచ్చేయండి. గాలిలో లెన్స్ మార్చడం అసలే వద్దు.