ఇంగ్లీష్ వాక్యంలో ‘ఆల్రెడీ’, ‘ఆల్వేస్’, ‘స్టిల్’ ఎక్కడ పెట్టాలి?

‘అతనికి ఇప్పటికే చెప్పాను’ అనడానికి తెలుగులో మూడు మాటలు చాలు. అదే ఇంగ్లీషులో ‘ఐ హావ్ ఆల్రెడీ టోల్డ్ హిమ్’ అని ఐదు మాటలు పేర్చాలి. విడివిడిగా ఈ ఐదూ తెలిసినవాళ్లు కూడా ‘ఆల్రెడీ’ దగ్గరకొచ్చేసరికి ఆగిపోతారు. హావ్‌కి ముందా, తర్వాతా, లేక చివర్లోనా? ఇంటర్వ్యూలోనో, ఆఫీసు మెయిల్ రాస్తున్నప్పుడో ఇక్కడే టెన్షన్ మొదలవుతుంది. దీనికి కారణం తెలివి తక్కువ కావడం కాదు, మనం వాక్యం కట్టే తీరు వేరు కావడం.

తెలుగులో క్రియకు సాయం చేసే ముక్కల్ని దాని తోకకే కుట్టేస్తాం. ‘చేయగలను’, ‘చేయవచ్చు’, ‘చేయలేదు’, ‘చేస్తున్నాను’ చూడండి. ‘చేయగలను’లో చేయడం, చేయగలగడం, చేసేది నేనే అనడం, అన్నీ ఒకే మాటలో ఇమిడిపోయాయి. ఇంగ్లీషులో ఆ కుట్టు లేదు. కెన్, విల్, హావ్, ఈజ్ లాంటి హెల్పింగ్ వెర్బులు అసలు క్రియ నుంచి విడిపోయి దాని ముందు నిలబడతాయి. రెండింటి మధ్య కాస్త ఖాళీ ఉంటుంది. ఆల్రెడీ, ఆల్వేస్, నెవర్ లాంటి క్రియా విశేషణాలు, అంటే యాడ్‌వర్బులు, సాధారణంగా కూర్చునేది ఆ ఖాళీలోనే.

ముందుగా హెల్పింగ్ వెర్బ్‌ని వెతకండి

యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్. హావ్, హాజ్, హాడ్. డూ, డజ్, డిడ్. కెన్, కుడ్, షల్, షుడ్, విల్, వుడ్, మే, మైట్, మస్ట్. ఈ 20 మాటలు కంఠతా వచ్చేస్తే సగం పని అయినట్టే. ఒక్క జాగ్రత్త మాత్రం కావాలి. ‘ఐ హావ్ టూ సిస్టర్స్’లో హావ్ ఎవరికీ సాయం చేయడం లేదు, అసలు క్రియ అదే. వెనకాల ఇంకో క్రియ ఉంటేనే దాన్ని హెల్పింగ్ వెర్బ్‌గా లెక్కపెట్టండి. ‘హావ్ టు’ కూడా ఈ లెక్కలోకి రాదు. అందుకే ‘ఐ ఆల్వేస్ హావ్ టు వెయిట్’ అంటారు.

తర్వాత యాడ్‌వర్బ్‌ని దాని పక్కన కూర్చోబెట్టండి

‘షీ హాజ్ ఆల్వేస్ హెల్ప్డ్ అస్.’ ‘వుయ్ విల్ నెవర్ ఫర్గెట్ యూ.’ రెండింటిలోనూ యాడ్‌వర్బ్ హెల్పింగ్ వెర్బ్ తర్వాతే ఉంది. హెల్పింగ్ వెర్బులు రెండు మూడు వరుసగా వస్తే మొదటిదాని తర్వాత పెట్టండి. ‘ఈపాటికే రోడ్డు బాగుచేసి ఉండాల్సింది’ అనాలంటే ‘ద రోడ్ షుడ్ ఆల్రెడీ హావ్ బీన్ రిపేర్డ్’. పని ఎలా జరిగిందో, ఎంత బలంగా జరిగిందో చెప్పే మాటైతే అసలు క్రియకు దగ్గరగా జరుగుతుంది: ‘ద బ్రిడ్జ్ హాజ్ బీన్ బ్యాడ్లీ డ్యామేజ్డ్’.

హెల్పింగ్ వెర్బ్ లేకపోతే అసలు క్రియకు ముందు: ‘హీ ఆల్వేస్ కమ్స్ లేట్’. ఈజ్, ఆర్, వాజ్ లాంటివి ఒంటరిగా ఉంటే వాటి తర్వాత: ‘హీ ఈజ్ ఆల్వేస్ లేట్’. ఈ రెండు వాక్యాల్నీ పక్కపక్కనే పదిసార్లు పైకి చదవండి. తేడా చెవికే అలవాటవుతుంది.

లేదు, కాదు అనేటప్పుడు

నాట్ కూడా మొదటి హెల్పింగ్ వెర్బ్‌నే పట్టుకుంటుంది. మనకు ఎక్కువగా దెబ్బ తగిలేది ఇక్కడే. ‘నేను ఎప్పుడూ అబద్ధం చెప్పను’ అన్నదాన్ని మాటకు మాట మార్చి ‘ఐ ఆల్వేస్ డోంట్ టెల్ లైస్’ అనేస్తాం. వినేవాళ్లకు అది అతుకులా ఉంటుంది. సరిచేద్దామని ‘ఐ డోంట్ ఆల్వేస్ టెల్ లైస్’ అంటే ఇంకా ప్రమాదం. ‘ప్రతిసారీ చెప్పను’ అని, అంటే ‘అప్పుడప్పుడూ చెబుతాను’ అని ఒప్పుకున్నట్టు అవుతుంది! తెలుగు వాక్యంలో ‘ఎప్పుడూ’, చివర ‘ను’తో ముగిసే వ్యతిరేక క్రియ కలిసి వస్తే రెండింటికీ కలిపి ఒకే మాట వాడండి: ‘ఐ నెవర్ టెల్ లైస్’.

‘రియల్లీ’ కూడా స్థానం మారితే అర్థం మార్చుకుంటుంది. ‘ఐ రియల్లీ డోంట్ నో’ అంటే ‘నిజంగా నాకు తెలియదు’. ‘ఐ డోంట్ రియల్లీ నో’ అంటే ‘నాకు అంతగా తెలియదు’. ‘ప్రాబబ్లీ’ని మాత్రం వోంట్, డోంట్ లాంటి వాటికి ముందే పెట్టండి: ‘హీ ప్రాబబ్లీ వోంట్ కమ్’.

ప్రశ్న అడిగేటప్పుడు హెల్పింగ్ వెర్బ్ ఒక్కటే కర్తను దాటి ముందుకు వెళుతుంది. యాడ్‌వర్బ్ ఉన్నచోటే ఉంటుంది: ‘హావ్ యూ ఎవర్ సీన్ స్నో?’, ‘డజ్ హీ ఆల్వేస్ కమ్ లేట్?’. పొట్టి జవాబులో హెల్పింగ్ వెర్బ్ చివర్న మిగిలిపోతే యాడ్‌వర్బ్ దాని ముందుకు వస్తుంది: ‘యెస్, ఐ ఆల్వేస్ హావ్’.

‘ఇంకా’ అన్న ఒక్క మాటకు ఎన్ని ఇంగ్లీష్ మాటలో

దీని మీద కొంచెం ఎక్కువసేపు నిలబడాలి. ఎందుకంటే మన ‘ఇంకా’ చాలా పెద్ద మనసున్న మాట. ‘ఇంకా నిద్రపోతున్నాడు’, ‘ఇంకా రాలేదు’, ‘ఇంకా కావాలి’, అన్నిటికీ అదొక్కటే సరిపోతుంది. ఇంగ్లీషులో మూడు చోట్లా మూడు దారులు.

పని ఆగకుండా సాగుతుంటే స్టిల్, హెల్పింగ్ వెర్బ్ తర్వాత: ‘హీ ఈజ్ స్టిల్ స్లీపింగ్’. జరగాల్సింది జరగలేదంటే యెట్, వాక్యం చివర: ‘హీ హాజంట్ కమ్ యెట్’. అదే విషయాన్ని విసుగుతోనో కంగారుతోనో అంటే మళ్లీ స్టిల్ వస్తుంది. కానీ ఈసారి హెల్పింగ్ వెర్బ్‌కి ముందు: ‘హీ స్టిల్ హాజంట్ కమ్’. రాత్రి పది దాటినా పిల్లాడు ఇంటికి రాలేదని అమ్మ గుమ్మంలో నిలబడి అనే ‘ఇంకా రాలేదు’ ఈ రెండోది. ఇక మూడో ‘ఇంకా’ యాడ్‌వర్బే కాదు, ‘ఐ వాంట్ మోర్’ అనాలి.

‘కూడా’, ‘-నే’ల సంగతి

‘నేను కూడా వస్తాను’లో కూడా ‘నేను’ పక్కన ఉంది కాబట్టి ‘ఐ ఆల్సో విల్ కమ్’ అనేస్తాం. పుస్తకాల్లో కనిపించే తీరు ‘ఐ విల్ ఆల్సో కమ్’. మాట్లాడేటప్పుడు ‘ఐ విల్ కమ్ టూ’ ఇంకా సహజంగా ఉంటుంది.

‘-ఏ’, ‘-నే’ అంటూ మనం మాటను నొక్కి చెప్పే తీరు ఇంకొంచెం చిక్కు. ‘ఇక్కడే ఉన్నాను’ అనగానే ‘ఐ యామ్ హియర్ ఓన్లీ’ అని వచ్చేస్తుంది. మన దేశంలో అందరికీ అర్థమవుతుంది. అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉన్నవాళ్లకు మాత్రం ఓన్లీ అంటే ‘మాత్రమే’. ఈ వాక్యంలో మనం హద్దు గీయడం లేదు, నొక్కి చెబుతున్నాం, అంతే. ‘ఐ యామ్ రైట్ హియర్’ అనండి. నిజంగా ‘మాత్రమే’ అనాల్సినచోట ఓన్లీ సరైనదే: ‘ఐ కెన్ ఓన్లీ స్టే వన్ డే’.

ఒక పని, దాని కర్మ విడిపోకూడదు

‘ఆమె ఇంగ్లీష్ బాగా మాట్లాడుతుంది’లో ‘బాగా’ క్రియను అంటుకుని ఉంది. ఆ అలవాటుతో ‘షీ స్పీక్స్ వెల్ ఇంగ్లీష్’ అంటాం. ఇంగ్లీషులో క్రియకూ కర్మకూ మధ్య యాడ్‌వర్బ్ మామూలుగా దూరదు: ‘షీ స్పీక్స్ ఇంగ్లీష్ వెల్’. ‘ఐ లైక్ బిర్యానీ వెరీ మచ్’ కూడా అలాంటిదే. ఎలా, ఎక్కడ, ఎప్పుడు మూడూ చెప్పాలంటే ఎక్కువగా అదే వరుసలో చెప్పండి: ‘దే సాంగ్ బ్యూటిఫుల్లీ ఎట్ ద టెంపుల్ యెస్టర్డే’.

ఇప్పుడు చేతిలో కలం పట్టుకోండి

పొద్దున్నుంచి మీరు ఇంట్లో తెలుగులో అన్న వాక్యాల్లోంచి నాలుగు రాసుకోండి. క్రియ తోక కుట్టు విప్పి, అందులో దాగిన హెల్పింగ్ వెర్బ్ ఏదో పక్కన రాయండి. ఆ తర్వాతే యాడ్‌వర్బ్‌ని అందుకోండి. ఈ మూడు వాక్యాల్నీ కూడా ప్రయత్నించాక జవాబుల కోసం కింద చూడండి: ‘కరెంటు ఇంకా రాలేదు’, ‘నేను ఎప్పుడూ విమానం ఎక్కలేదు’, ‘బస్సు ఈపాటికే వెళ్లిపోయి ఉంటుంది’.

‘ద పవర్ హాజంట్ కమ్ బ్యాక్ యెట్.’ ‘ఐ హావ్ నెవర్ బీన్ ఆన్ ఎ ప్లేన్.’ మూడోది ‘ద బస్ మస్ట్ ఆల్రెడీ హావ్ లెఫ్ట్’. ఇక్కడ ‘మస్ట్ హావ్ ఆల్రెడీ లెఫ్ట్’ అని రాసినా తప్పు కాదు. రెండూ వాడుకలో ఉన్నాయి.