ఆఫ్రికా డ్యూటీకి వెళ్లే జవాన్లకు యెల్లో ఫీవర్ జాగ్రత్తలు

విశాఖ నుంచి ఐక్యరాజ్యసమితి శాంతిసేనతో కాంగోకో, దక్షిణ సూడాన్‌కో వెళ్లేవారు ఆర్డరు అందగానే యెల్లో ఫీవర్ (దోమల ద్వారా సోకే వైరస్ జ్వరం) టీకా వేయించుకోవాలి. ఒక్కటే డోసు, 0.5 మి.లీ. టీకా వేసినట్టు ఇచ్చే సర్టిఫికెట్ 10 రోజుల తర్వాతే చెల్లుతుంది కాబట్టి చివరివారం దాకా ఆగితే ప్రయాణం ఆగిపోతుంది. 2016 జులై నుంచి అది జీవితాంతం చెల్లుతోంది. సర్టిఫికెట్‌లో పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు, అలాగే తేదీ, బ్యాచ్ నంబరు, ముద్ర సరిగా ఉన్నాయో లేదో టీకా కేంద్రంలోనే సరిచూసుకోండి.

ఇది బతికున్న వైరస్‌ను బలహీనపరచి చేసిన టీకా. గుడ్డు పడక తీవ్రమైన ఎలర్జీ వచ్చినవారు, థైమస్ (ఛాతీలోని గ్రంథి) జబ్బు ఉన్నవారు, ఎక్కువ మోతాదులో స్టెరాయిడ్లు వాడేవారు ముందే చెప్పాలి. సీసాను 2–8 డిగ్రీల మధ్య ఉంచాలి. విశాఖ ఎండలో బల్ల మీద వదిలేస్తే టీకా వేసినా ఫలితం ఉండదు.

ఇక జ్వరం సంగతి. దోమ కుట్టిన 3–6 రోజులకు జ్వరం, నడుంనొప్పి, వాంతులు మొదలవుతాయి. జ్వరం ఎక్కువగా ఉన్నా నాడి నెమ్మదిగా కొట్టుకుంటుంటే అనుమానించండి. అక్కడ మలేరియా కూడా ఉంటుంది, ఆ పరీక్ష వెంటనే చేయండి.

అసలు మోసం మూడో, నాలుగో రోజున జరుగుతుంది. జ్వరం దిగుతుంది, మనిషి తేరుకున్నట్టే ఉంటాడు. ఆ మాట నమ్మి డ్యూటీకి పంపొద్దు. ఒక్కరోజులోనే కొందరికి జ్వరం తిరగబెట్టి, కళ్లు పచ్చబడి, నల్లటి వాంతులవుతాయి, మూత్రం తగ్గిపోతుంది. ఆ దశకు చేరినవారిలో సగం మంది దాకా చనిపోతారు. కనుక జ్వరం దిగాక కనీసం రెండు రోజులు పడకమీదే ఉంచి, మూత్రం కొలిచి రాయండి. గంటకు కిలో బరువుకు 0.5 మి.లీ. కన్నా తగ్గితే డయాలసిస్, ఐసీయూ ఉన్న ఆసుపత్రికి తరలించాలి.

వైరస్‌ను చంపే మందు లేదు. సెలైన్ కొలిచి ఎక్కించడం, రక్తస్రావమైతే ప్లాస్మా ఇవ్వడం, కిడ్నీలను కాపాడడమే వైద్యం. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వద్దు, రక్తస్రావం పెరుగుతుంది. కాలేయం దెబ్బతింటుంది గనుక పారాసిటమాల్‌ను కూడా డాక్టరే నిర్ణయించాలి.

మొదటి 5 రోజులు రోగిని పగలు కూడా దోమతెరలోనే ఉంచండి. ఈ దోమ ఎక్కువగా పగలే కుడుతుంది. తిరిగి విశాఖ వచ్చాక 6 రోజుల్లోపు జ్వరం వస్తే, ఏ దేశం నుంచి వచ్చారో మొదటి మాటగా డాక్టరుకు చెప్పండి. డెంగీని మోసే ఈడిస్ దోమే దీన్నీ మోస్తుంది, అది మన వీధుల్లో ఉంది.