గేర్‌బాక్స్ కేసింగ్ కారుతుంటే: చుక్క పడే చోటును నమ్మొద్దు

మా కారు కింద ఆయిల్ మరక కనబడిన మొదటిసారి, చుక్క వేలాడుతున్న చోటే ఎపాక్సీ (గట్టిపడే జిగురు) పూశాను. వారం తిరక్కుండానే మళ్లీ మరక. అసలు పగులు జానెడు పైన, యాక్సిల్ పక్కన ఉంది. ఆయిల్ గేర్‌బాక్స్ కేసింగ్ (బయటి లోహపు గుల్ల) వెంబడి జారి అడుగు బోల్టు దగ్గర చుక్క కట్టేది. బండి నడుస్తుంటే గాలి దాన్ని ఇంకా వెనక్కి తోస్తుంది కూడా.

చల్లారిన బండిని చదును నేల మీద లేపి, స్టాండ్లు పెట్టాకే కిందికి దూరండి. జాక్ ఒక్కదాన్ని నమ్ముకోవద్దు. డీగ్రీజర్ కొట్టి, వైర్ బ్రష్‌తో రుద్ది, కేసింగ్ మొత్తం శుభ్రంగా తుడవండి. ఆరాక టాల్కం పౌడర్ చల్లి కాసేపు నడిపి రండి. టార్చి వేసి అన్నిటికన్నా పైనున్న తడిని వెతకండి. కారేది అక్కడే.

చాలాసార్లు కేసింగ్‌ది తప్పే ఉండదు. ఆయిల్ దించే రంధ్రానికుండే డ్రెయిన్ ప్లగ్ వాషరో, యాక్సిల్ ఆయిల్ సీలో పోయి ఉంటుంది. సీల్ మార్చే ముందు బ్రీదర్ (లోపలి గాలి బయటికి పోయే చిన్న దారి) చూడండి. అది మూసుకుపోతే వేడికి లోపల ఒత్తిడి పెరిగి, బాగున్న సీల్ నుంచి కూడా ఆయిల్ బయటికొస్తుంది.

పగులే అని తేలితే, ఆయిల్ దించే ముందు ఫిల్లర్ ప్లగ్ (ఆయిల్ పోసే రంధ్రం మూత) ఊడుతుందో లేదో చూసుకోండి. అది బిగుసుకుపోయి ఉంటే మళ్లీ నింపే దారుండదు.

పగులు పాకకుండా రెండు కొసల్లో 3 మి.మీ. రంధ్రం వేయమంటారు. మంచి పద్ధతే, కానీ గేర్‌బాక్స్ బండిలో ఉండగా నేను వేయను. కేసింగ్ అల్యూమినియం రజను లోపల పడితే డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతం ఇనుమునే పట్టుకుంటుంది, అల్యూమినియాన్ని పట్టుకోదు. పగులు వెంట పైపైన గాడి మాత్రం తీసి, చుట్టూ రెండు వేళ్ల వెడల్పున 80 నంబరు ఎమెరీతో గరుకు చేస్తాను.

ఓపిక పట్టాల్సింది ఇక్కడే. పగులులో ఇంకిన ఆయిల్ ఊరుతూనే ఉంటుంది. హీట్ గన్‌తో వెచ్చబెట్టి తుడవండి, మళ్లీ వెచ్చబెట్టి తుడవండి. పూర్తిగా చల్లారాకే అసిటోన్ వాడండి, అది మంటను ఇట్టే అందుకుంటుంది. తెల్లగుడ్డకు మరక అంటనంతవరకూ తుడవాల్సిందే. నా మొదటి పూత ఊడిపోవడానికి ఈ తొందరే సగం కారణం.

ఆయిల్‌నూ వేడినీ తట్టుకునే రెండు ట్యూబుల మెటల్ ఎపాక్సీ కలిపి, గాడిలోకి బలంగా అదమండి. ఆరేదాకా ఫిల్లర్ ప్లగ్ తీసే ఉంచండి, లేకుంటే లోపలి గాలి వ్యాకోచించి పూతలో బుడగ పొడుస్తుంది. 24 గంటలు ఆగి, మాన్యువల్‌లో చెప్పిన ఆయిలే పోయండి. చాలా మాన్యువల్ గేర్‌బాక్సులకు ఫిల్లర్ రంధ్రం అంచుదాకా వస్తే చాలు. ఆటోమేటిక్ అయితే మట్టం చూసే పద్ధతి వేరు, ఆ బండి పుస్తకం ప్రకారమే చూడాలి.

గేర్‌బాక్స్‌ను బండికి బిగించే మౌంటింగ్ చెవుల దగ్గర, బేరింగ్ కూర్చునే చోట పగిలితే మాత్రం ఎపాక్సీ ముట్టుకోవద్దు. అక్కడ బరువు పడుతుంది. గేర్‌బాక్స్ దించి టిగ్ వెల్డింగ్ చేయించాలి, కాదంటే కేసింగే మార్చాలి.