వాసన కలపని సబ్బు: బిళ్ల ఎందుకు చెడింది, ఎలా సరిచేయాలి

సుగంధం కలపని సబ్బులో లోపాన్ని కప్పిపుచ్చే పరిమళం ఉండదు కనుక నూనెలో, నీటిలో, తూకంలో జరిగిన ప్రతి పొరపాటూ బిళ్ల మీదనే కనిపిస్తుంది. ఇక్కడ నేను ఆధారంగా తీసుకున్న పాళ్లు ఇవి: 600 గ్రాముల పల్లి నూనె, 300 గ్రాముల కొబ్బరి నూనె, 100 గ్రాముల ఆముదం, 142 గ్రాముల కాస్టిక్ సోడా, 285 గ్రాముల నీరు. పల్లి, ఆముదం మన పాలమూరు, నల్లగొండ చేలలో పండేవే.

సమస్య: నురుగు రాదు, బకెట్ అంచున తెల్లటి జిడ్డు పేరుకుంటుంది.

నల్లగొండలో నీటి మాట రాగానే ఫ్లోరైడ్ గుర్తుకు వస్తుంది కానీ, నురుగును చంపేది ఫ్లోరైడ్ కాదు; బోరు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి నీటిలో కరగని జిడ్డుగా మారతాయి. దీనిని ఇంట్లోనే పరీక్షించవచ్చు. స్టీలు గిన్నెలోని బోరు నీటిలో కొద్దిగా కాస్టిక్ సోడా వేసి కరిగించినప్పుడు, పది నిమిషాలు గడిచినా నీరు తేటపడకుండా పాలవిరుగుడులా తెల్లని తునకలు అడుగుకు చేరితే, ఆ నీరు సబ్బు తయారీకి పనికిరాదు.

తయారీకి డిస్టిల్డ్ వాటర్ గానీ, శుభ్రంగా పట్టిన వాన నీరు గానీ వాడాలి. అయితే స్నానం చేసేది మళ్లీ ఆ బోరు నీటితోనే కదా. అందుకని కిలో నూనెకు 10 గ్రాముల నిమ్మ ఉప్పును (సిట్రిక్ యాసిడ్) ముందుగా నీటిలో కరిగించి, అది ఖర్చు చేసే క్షారానికి బదులుగా మరో 6 గ్రాముల కాస్టిక్ సోడాను చేర్చాలి. అలా ఏర్పడే సోడియం సిట్రేట్ కాల్షియాన్ని పట్టి ఉంచుతుంది. మన ప్రాంతపు సబ్బుకు ఇది తప్పనిసరి అని నా గట్టి నమ్మకం.

సమస్య: ఒళ్లు మండుతుంది, బిళ్ల పొడిపొడిగా విరుగుతుంది.

కాస్టిక్ సోడా ఎక్కువైంది. చెంచాతో కొలవడం ఒక కారణమైతే, లెక్క మార్చకుండా నూనెను మార్చడం మరొకటి: కిలో కొబ్బరి నూనెకు 183 గ్రాములు కావాలి, కిలో పల్లి నూనెకు 136 గ్రాములే చాలు. మూడు రోజుల తరువాత తడి వేలిని బిళ్లకు రుద్ది నాలుక కొసకు తాకించినప్పుడు జివ్వుమంటే క్షారం మిగిలి ఉన్నట్టే. ఎంత ఎక్కువైందో కచ్చితంగా తెలిస్తే, సబ్బును తురిమి, స్టీలు గిన్నెలో కొద్ది నీటితో సన్నని సెగ మీద కరిగించి, ప్రతి 10 గ్రాముల అదనపు క్షారానికి సుమారు 73 గ్రాముల పల్లి నూనె కలపాలి. తెలియకపోతే ఆ బిళ్లను ఒంటికి వాడవద్దు. మనం సిల్వర్ అని పిలిచే అల్యూమినియం గిన్నెలను క్షారం తినేస్తుంది కాబట్టి వాటి జోలికి పోకూడదు. కాస్టిక్ సోడానే నీటిలో వేయాలి, దాని మీద నీరు పోయరాదు. చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా ఈ పని మొదలుపెట్టవద్దు.

సమస్య: నెల దాటినా మెత్తగా, జిడ్డుగా ఉంటుంది.

ఒకసారి దుకాణంలో కొన్న కాస్టిక్ సోడా తేమ పీల్చి ముద్దకట్టి ఉన్నా నేను పట్టించుకోలేదు. తూకం సరిపోయినా అందులో క్షారం తక్కువై, కత్తికి అంటుకునే బిళ్లలు వచ్చాయి. గాలి చొరని డబ్బాలో పొడిగా ఉన్న సరుకునే కొనండి. ఆముదం 100 గ్రాములు దాటినా ఇదే జిగట వస్తుంది.

సమస్య: నారింజ రంగు మచ్చలు, పాత నూనె వాసన.

సబ్బుగా మారకుండా బిళ్లలో మిగిలిన నూనె గాలికి చెడింది. పల్లి నూనె దీనికి త్వరగా లోనవుతుంది, ఇనుము, రాగి తగిలితే ఇంకా వేగంగా చెడుతుంది. తాజా నూనె వాడండి, మచ్చలు పడిన బిళ్లను ముందుగా ఖర్చు చేయండి. గానుగ నూనె తినడానికి నాకు ఎంతో ఇష్టమైనా, వాసన లేని సబ్బుకు రిఫైన్డ్ నూనెనే ఎంచుకుంటాను.

సమస్య: పైన తెల్లటి పొడి, నడుమ పగులు.

పొడి, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ వల్ల ఏర్పడిన సోడియం కార్బొనేట్. హాని లేదు, తుడిస్తే పోతుంది, అచ్చుపై మూత వేస్తే తగ్గుతుంది. పగులు వేసవి వేడి వల్ల వస్తుంది కనుక ఏప్రిల్, మే నెలల్లో అచ్చుకు గుడ్డలు చుట్టకుండా, తెల్లవారుజామున చల్లటి గదిలో పోయండి. వానాకాలంలో బిళ్ల మీద చెమట బిందువులు నిలిస్తే అది గ్లిజరిన్ పీల్చుకున్న తేమే. నాలుగు నుంచి ఆరు వారాలు గాలి ఆడే చోట ఆరిన తరువాత, కాగితంలో చుట్టి పొడి అలమారలో పెట్టండి.