కాకసస్ చెట్ల పేర్ల పుట్టుకను వెతకడం ఎలా?

చెచెన్ భాషలో ‘గ’ అంటే కొమ్మ. పక్కనే ఉన్న ఇంగుష్‌లో అదే ‘గ’ అంటే చెట్టు. రెండూ అక్కచెల్లెళ్ల లాంటి భాషలు, మాటా ఒక్కటే, అర్థం మాత్రం జరిగిపోయింది. మనకిది కొత్తేమీ కాదు. తమిళంలో ‘సెడి’ అంటే చిన్న మొక్క, దాని తోబుట్టువైన మన ‘చెట్టు’ మర్రికీ చెల్లుతుంది. ఇలాంటి జాడలు పట్టాలని సరదా పడేవాళ్లకు, నల్ల సముద్రానికీ కాస్పియన్‌కూ మధ్య ఉన్న కొండసీమ, ఉత్తర కాకసస్, మంచి అడవి. దారి తప్పడం కూడా అక్కడ అంతే సులువు.

1. ముందు ఏ భాషా కుటుంబమో తేల్చుకోండి

నల్ల సముద్రం వైపు వాయవ్య కుటుంబం: అబ్‌ఖాజ్, అబాజా, అడిగే, కబర్దియన్, ఇంకా 1992లో చివరి వక్త తెవ్‌ఫిక్ ఎసెంచ్‌తో పాటు వెళ్లిపోయిన ఉబిఖ్. కాస్పియన్ వైపు ఈశాన్య కుటుంబం: చెచెన్, ఇంగుష్, అవార్, లాక్, దర్గిన్, లెజ్గిన్, తబసరన్, మరో ఇరవై దాకా. ఈ రెండింటికీ మూలం ఒకటేనా అన్న తగవు ఇంకా తెగలేదు. కాబట్టి ఒక కుటుంబం లోపలే మొదలుపెట్టండి.

2. పట్టిక వేయండి

ఇంటర్‌కాంటినెంటల్ డిక్షనరీ సిరీస్ అనే ఉచిత ఆన్‌లైన్ పదపట్టికలో కాకసస్ భాషలు చాలా ఉన్నాయి. చెట్టు అనే అర్థానికీ, ఓక్, బీచ్, బర్చ్, పైన్ లాంటి చెట్లకూ విడివిడి గళ్లు ఉంటాయి. ఒక్కో పేరు ఏ భాషదో, ఏ మాండలికానిదో పక్కనే రాసుకోండి. వెతికేటప్పుడు ఒక చిక్కు వస్తుంది. ఈ భాషల్లో చాలావాటి సిరిలిక్ లిపిలో నిలువు గీత లాంటి ‘పాలొచ్క’ అనే అక్షరం ఉంది. చాలామంది దాని బదులు 1 అంకె కొట్టేస్తారు. మాట దొరకలేదంటే భాషలో లేదని అనుకోకండి, రెండు రకాలుగానూ కొట్టి చూడండి.

3. తొక్క తీయండి

అసలు పని ఇదే, నాకు ఇష్టమైనదీ ఇదే. అబ్‌ఖాజ్ నిఘంటువులో నామవాచకాలు దాదాపు అన్నీ ‘అ’తో మొదలవుతాయి. అది మాటలో భాగం కాదు, ఇంగ్లిష్ ‘ది’ లాగా ముందు తగిలించే ఉపపదం. తీసేయండి.

కబర్దియన్‌లో చాలా చెట్ల పేర్ల చివర ‘ఎయ్’ వస్తుంది. ‘ద’ అంటే అక్రోటు కాయ, ‘దెయ్’ అంటే అక్రోటు చెట్టు. ఇప్పుడు ఓక్ పేరు చూడండి: ‘జిగెయ్’. ‘జిగ్’ అంటేనే చెట్టు. అంటే చెట్టు అనే మాటకే చెట్టు ప్రత్యయం తగిలించారు, చెట్టంటే ఇదీ అన్నట్టు! పైన్ చెట్టు ఇంకా ముచ్చటైనది. కబర్దియన్‌లో ‘వెజ్దిగ’ అంటే దీపం, ‘వెజ్దిగెయ్’ అంటే పైన్. జిగురున్న పైన్ పేళ్లు దివిటీలుగా వెలిగిన రోజులు ఆ పేరులో కనిపిస్తున్నాయి. అడిగేలోనూ ఇదే కథ.

ఇలా కూర్చిన పేర్లను మొత్తంగా తీసుకెళ్లి దూరపు భాషతో పోల్చకూడదు. పోలిస్తే లోపలి గింజనే పోల్చాలి.

4. ధ్వనుల లెక్క సరిచూడండి

కబర్దియన్ ‘జిగ్’కు అడిగేలో ‘చిగ్’ అంటారు. (తెలుగు లిపిలో ఈ ధ్వనులు ఉజ్జాయింపుగానే వస్తాయి.) పోలిక ఉంది కదా అని ఆగిపోవద్దు. చెట్లతో సంబంధం లేని మాటల్లోనూ ‘చ’ ఎదురుగా ‘జ’ వస్తోందా చూడాలి. పరుగెత్తడం అడిగేలో ‘చన్’, కబర్దియన్‌లో ‘జన్’. నిద్రపోవడం ‘చియెన్’, ‘జెయిన్’. లెక్క కుదిరింది. ఇప్పుడు ‘చిగ్–జిగ్’ చుట్టాలని ధైర్యంగా రాసుకోవచ్చు.

ఈశాన్యంలో సాధనకు ఆపిల్ తీసుకోండి: అవార్ ‘ఎచ్’, లెజ్గిన్ ‘ఇచ్’, తబసరన్ ‘విచ్’, లాక్ ‘హివ్చ్’, చెచెన్ ‘అజ్’, దర్గిన్ ‘ఇంత్స్’. కొన్నిటి మొదట గొంతు లోతుల్లోంచి వచ్చే హల్లు ఉంది, దాన్ని మన లిపి పట్టలేదు. ఇక్కడ దర్గిన్‌లోని ‘న్’ను వదలకండి. పాత రూపంలో అనునాసికం (ముక్కుతో పలికే ధ్వని) ఉండేదా, మిగతావి పోగొట్టుకున్నాయా అని వెతకడానికి అదే కొస. అదే అడిగేలో ఆపిల్ ‘మిఎరిస్’. ఈ వరసలో ఇమడదు.

5. అరువు మాటలు ఏరేయండి

కుమిక్, కరచాయ్-బల్కార్, అజర్‌బైజానీ అనే తుర్కీ భాషలు చుట్టూ ఉన్నాయి. కుమిక్‌లో చెట్టు ‘తెరెక్’, ఓక్ ‘ఎమెన్’. పర్షియన్ ‘అనార్’, అజర్‌బైజానీ ‘నార్’ మనకూ తెలిసిన దానిమ్మే. మీ పట్టికలో ఇలాంటివి కనిపిస్తే వేరే రంగు వేయండి. తోట చెట్ల పేర్లు వ్యాపారంతో తిరుగుతాయి కాబట్టి వాటి మీద అనుమానం ఎక్కువ పెట్టుకోవాలి.

6. చెట్టునూ చూడండి

పేరు ఒకటే ఉండి చెట్టు మారిపోవచ్చు. పర్షియన్‌లో చినార్ అంటే ప్లేన్ చెట్టు. కాకసస్‌లో స్థిరపడిన రష్యన్లు ఆ పేరును బీచ్ చెట్టుకూ వాడారు. చెచెన్ ‘పోప్’కు రష్యన్ నిఘంటువు ‘చినార’ అని అర్థమిస్తే అది ఏ చెట్టో వెంటనే తేలదు. శాస్త్రీయ నామం దొరికే దాకా ఆ గడిలో ప్రశ్నార్థకం ఉంచండి.

7. కుటుంబం దాటడం చిట్టచివర

నికొలాయెవ్, స్తారొస్తిన్ అనే రష్యన్ భాషావేత్తలు 1994లో మాస్కోలో తెచ్చిన పెద్ద నిఘంటువు రెండు కుటుంబాలకూ ఉమ్మడి మూలరూపాలు కట్టింది. స్టార్‌లింగ్ అనే డేటాబేస్‌లో వెతుక్కోవచ్చు. చాలామంది నిపుణులు ఆ ఉమ్మడి మూలాన్ని ఒప్పుకోరు. అందుకని అందులోని మూలరూపాన్ని కాదు, దాని కింద ఇచ్చిన భాషల మాటలను తీసుకుని 3, 4 మెట్లు మళ్లీ ఎక్కండి.

ఎందుకంటారా? ఓక్‌ను చెచెన్‌లో ‘నజ్’ అంటారు, అబ్‌ఖాజ్‌లో ‘అజ్’. మొదటిసారి చూసినప్పుడు నేనూ ఎగిరి గంతేశాను. తర్వాత అబ్‌ఖాజ్ ‘అ’ తీసేస్తే మిగిలింది ఒక్క హల్లు. వాయవ్య భాషల్లో ధాతువులు ఇంత పొట్టివి, హల్లులేమో కుప్పలు. ఉబిఖ్‌లోనైతే 80 పైచిలుకు. ఒక్క హల్లు కలవడం యాదృచ్ఛికంగానూ జరుగుతుంది. దానికి తోడు నిలబడే మరో నాలుగు జంటలు నాకింకా దొరకలేదు. నా పట్టికలో ఆ గడి ఖాళీగానే ఉంది.